మడి కుండీలో వయ్యారిభామ

నాకు పిచ్చిమొక్కలంటే పిచ్చి. ఈ మాట పెళ్ళైన కొత్తలో మావారు ఎగతాళిగా అన్నారు, నేను బిరుదుగా పుచ్చుకున్నాను. గులాబీల్నీ మందారాల్నీ చూసి మురిసిపోయేవాళ్ళు లోకంలో బోలెడు మంది. రైలు కట్ట వార, కాలవ గట్టున, సిమెంటు రోడ్డు పగుళ్ళలో, ఎవరూ పిలవకుండానే వచ్చి పీట వేసుకుని కూర్చునే మొక్కల్ని పలకరించేవాళ్ళు కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా. కొవ్వూరు వరకూ ఆ పని నాది. నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగి, వంగి, రోడ్డు పక్క గడ్డిలోకి చూస్తాను. "ఏదైనా పడిపోయిందాండీ?" అని వెనకాల వచ్చేవాళ్ళు అడుగుతారు. "లేదండీ, గడ్డి చామంతి" అంటాను. వాళ్ళు నా వంక కాస్త జాలిగా చూసి దాటుకుపోతారు.

హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఏటా పిల్లల చేత ఒక ఆట ఆడిస్తాను. గోడకి పెద్ద ప్రపంచ పటం తగిలించి, ఒక్కొక్కళ్ళకీ ఒక్కో మొక్క ఇస్తాను. ఆ మొక్క ఎక్కడ పుట్టిందో కనుక్కుని అక్కడ ఆకుపచ్చ రంగు వెయ్యాలి. ఎక్కడెక్కడికి పాకిందో అక్కడ ఎరుపు వెయ్యాలి. పుస్తకంలో వీటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి గానీ, మా క్లాసులో ఆకుపచ్చ పుట్టినిల్లు, ఎరుపు మెట్టినిల్లు. ఆ రెండు మాటలూ చెప్పాక ఆడపిల్లలకి ఇంకేమీ వివరించక్కర్లేదు.

ఆటలో మజా అంతా పుట్టిళ్ళు బయటపడేటప్పుడే. మిరపకాయ పుట్టినిల్లు సముద్రాలవతల అమెరికా ఖండం అంటే పిల్లలు నమ్మరు. "మరి అప్పటిదాకా మనవాళ్ళు ఆవకాయ ఎలా పెట్టుకున్నారు టీచర్?" అని కొట్లాటకి వస్తారు. జామ మనది కాదు, బొప్పాయి మనది కాదు. పండగొస్తే గుమ్మానికి కట్టే బంతిపూలు కూడా మనవి కావు. మా పుట్టింటివైపు, జంగారెడ్డిగూడెం మెట్టలో, నా చిన్నతనమంతా జీడిమామిడి నీడలో గడిచింది. ఆ జీడిమామిడిది బ్రెజిల్ అని తెలిసిన రోజున నాకు మనసేమీ చివుక్కుమనలేదు, సరికదా భలే సంతోషమేసింది. నేనూ ఆ చెట్టూ ఇద్దరం వచ్చినవాళ్ళమే అనిపించింది.

ఆటలో చివర వచ్చేది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. క్యారెట్ ఆకులాగా చీలికలు చీలికలుగా ఆకు, పెరిగాక బియ్యం నూక చల్లినట్టు తెల్లటి చిన్న చిన్న పూలు. దాని పుట్టినిల్లు మెక్సికో అఖాతం చుట్టుపక్కల. అక్కడ దాన్ని తినే పురుగులున్నాయి, దాని నోరు మూయించే తెగుళ్ళున్నాయి, అందుకని ఒద్దికగానే ఉంటుంది. దిగుమతి ధాన్యంలో కలిసి మన దేశంలో దిగిందంటారు. ఇక్కడ అడిగే దిక్కు లేదు. చాప కింద నీరులా పాకింది. ఆస్ట్రేలియా ఎరుపు, ఆఫ్రికాలో సగం ఎరుపు, మన దేశమంతా ఎరుపు. ఆ మొక్క వంతు వచ్చిన పిల్లకి రెండు స్కెచ్ పెన్నులు అరిగిపోతాయి. దాని పుప్పొడి పడితే తుమ్ములు, ఆకు తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు. "పుట్టింట్లో నోట్లో నాలుక లేనిది, మెట్టినింటికొచ్చి అత్తగారిని వీధిలో పెట్టింది" అని చెబుతాను. క్లాసు గొల్లుమంటుంది. ఆ మాట మా ఇంటికి వర్తిస్తుందని అప్పట్లో నాకు తెలియదు.

ఇప్పుడు మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడది కోనసీమ. ఆవిడకి రెండు విషయాల్లో లోకంలో సాటి లేదని ఆవిడ నమ్మకం, నా నమ్మకం కూడా. ఒకటి పత్రి, రెండోది ముక్కు. వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రీ ఆవిడ స్వయంగా కోసి తేవాల్సిందే. బజారులో కట్టలు కట్టి అమ్మే పత్రి చూస్తే ఆవిడకి ఒళ్ళు మంట. "అందులో సగం మామిడాకులే, మిగతా సగం ఆ దేవుడికే తెలియాలి" అనేవారు. ఇక ముక్కంటారా, నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తుంటే వీధి అరుగు మీంచి "ఇంగువ చాల్లేదమ్మాయ్" అని తీర్పు వచ్చేది. పులుసులో ఉప్పు తక్కువైతే రుచి చూడకుండా చెప్పేవారు. ఉప్పుకి వాసనేంటని నా బయాలజీ ఎదురు తిరిగేది గానీ, చూస్తే నిజంగానే ఉప్పు తక్కువ ఉండేది. కాపురానికి వెళ్ళిన కొత్తలో ఆ తీర్పులకి ఏడుపొచ్చేది. తరవాత్తరవాత, ఆవిడ ఏమీ అనని రోజు నా వంట మీద నాకే అనుమానం వచ్చేది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ఆవిడకీ జ్వరం వచ్చి తగ్గింది. తగ్గగానే మావారు వెళ్ళి ఆవిడని కొవ్వూరు తీసుకొచ్చేశారు. మావారికి రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం, రోజూ గోదారి వంతెన దాటి వెళ్ళొస్తారు. ఆవిడ బెంగ పడతారేమోనని నేను భయపడ్డాను. బెంగా ఏమీ లేదు. పొద్దున్న గోష్పాద క్షేత్రం రేవులో స్నానం, సాయంత్రం మేడ మీద చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ కాలక్షేపం. నెల తిరక్కుండా మా వీధి వీధంతా "మామ్మగారూ" అంటూ మా ఇంటికే రావడం మొదలుపెట్టింది. నన్ను కూడా "మామ్మగారి కోడలండీ" అనే పరిచయం చేసేవారు.

ఆ ఏడు చవితికి పత్రి ఎక్కడ దొరుకుతుందా అని ఆవిడ ఊరంతా కలియతిరిగారు. ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త అన్నీ దొరికాయి. మాచిపత్రి ఒక్కటే దొరకలేదు. కోనసీమలో వాళ్ళ ఊళ్ళో ఆవిడకి నూతి పక్కన మాచిపత్రి మడే ఉండేది. నలిపితే కమ్మటి వాసన, పూలదండల్లో కూడా కట్టుకుంటారు. పూజలో మొట్టమొదటి పత్రం అదే, అది లేకుండా పూజ మొదలవడమెలాగ? చవితి రేపనగా సాయంత్రం ఆవిడ రైలు కట్ట వైపు నుంచి వెలిగిపోతున్న మొహంతో వచ్చారు. ఒళ్ళో కొంగు నిండా లేత ఆకులు.

"చూశావుటమ్మాయ్! అక్కడ మా ఊళ్ళో ఒక్క మడి పెంచడానికి చచ్చేవాళ్ళం. ఇక్కడ మాచిపత్రి కట్ట పొడుగునా దానంతటదే మొలిచింది. ఎంత పుణ్యం చేసుకున్న ఊరే ఇది!"

నేను ఉండ్రాళ్ళ పిండిలో మణికట్టు దాకా మునిగి ఉన్నాను. తలెత్తి, "ఆహా, అలాగాండీ" అన్నాను. ఆవిడ ఆ ఏడు మా వీధిలో అందరికీ మాచిపత్రి పంచారు. అంతటితో ఊరుకోక, రెండు లేత మొక్కలు వేళ్ళతో సహా తెచ్చి, వెనక బాల్కనీలో తులసి కోట పక్కన కుండీలో నాటారు.

అది మడి కుండీ. స్నానం చేసి తడిబట్టతో ఆవిడ ఒక్కరే ముట్టుకోవాలి. ఉరుకులు పరుగుల మీద స్కూలుకి వెళ్ళే నాకు ఆ కుండీకి రెండు గజాల దూరంలో హద్దు. ఆవిడ రోజూ పొద్దున్నే నీళ్ళు పోసి, "పైకి పోతే ఆకు సన్నబడుతుంది" అంటూ తలలు గోటితో తుంచి, ఆ చిగుళ్ళు దేవుడి పటాలకి పెట్టేవారు. ముదిరితే తీసేసి, కట్ట మీంచి ఇంకో లేత మొక్క తెచ్చి నాటేవారు. నేను బట్టలు ఆరేస్తూ రోజూ ఆ కుండీని చూసేదాన్ని. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

ఏడాది తిరిగేసరికి ఆవిడకి చేతుల మీద దురద మొదలైంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద ఎర్రగా దద్దుర్లు. రాజమండ్రిలో చర్మం డాక్టరు గారికి చూపించాం. ఆయన పూత మందు రాసిచ్చి, ఒంటికి ఏదో పడట్లేదు, అదేంటో మీరే కనిపెట్టండి అన్నారు. ఇంటికొచ్చాక మావారు పంచాయితీ పెట్టారు. వాది ఆయనే, జడ్జీ ఆయనే. ముద్దాయి కోసం ఆట్టే వెతకలేదు. మా అత్తగారికి ప్రాణసమానమైన కూర కంద బచ్చలి. చేతికి తగిలితే దురద పెట్టేది ఇంట్లో ఇంకేముంది? కంద మీద నేరం రుజువైపోయింది. కందతోపాటు, మా వైపు దురద రోగులకి పెద్దవాళ్ళు వద్దనేవన్నీ, వంకాయ, గోంగూర, ఆవ, కట్టకట్టి జైలుకి పోయాయి.

"కందేమిట్రా, పుట్టినప్పట్నుంచీ తింటున్నాను. ఇప్పుడు కొత్తగా పడకపోవడమేంటి?" అన్నారావిడ.

"వయసు పెరిగితే ఒంటి తత్వం మారుతుందమ్మా. నీ మంచి కోసమే."

"దురద నాది. నేను పడతాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

మావారు వినలేదు. ఆయన తల్లి మాట జవదాటని కొడుకే గానీ, తల్లి ఆరోగ్యం దగ్గర మటుకు తల్లి మాట కూడా వినరు. కంద ఇంట్లోకి రావడం మానేసింది. కంద బచ్చలి ఆవ పెట్టి చెయ్యడం నేను మెట్ట నుంచి వచ్చాక ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఉడికిన కందా బచ్చలీ చింతపండు పులుసులో కలిపి, పోపు పెట్టి, దింపాక చివర్లో పచ్చి ఆవముద్ద కలుపుతారు. ఆ ఘాటు సూటిగా ముక్కు పుటాల్లోంచి నడినెత్తికి కొడుతుంది. ఎవరింట్లోనైనా పెళ్ళికి వెళ్తే, విస్తట్లో ఆ కూర వడ్డించేటప్పుడు ఆవిడ కళ్ళు గరిట వెంట వెళ్ళేవి, చెయ్యి మాత్రం అడ్డం పెట్టేవారు. కూర కోసం అంత ఆశేమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఆవిడ తిండి యావ ఉన్న మనిషి కాదు.

పథ్యం ఎంత చేసినా దురద మాత్రం ఒక నెల తగ్గి రెండు నెలలు పెరిగేది.

పోయిన కార్తీకమాసానికి మా ఆడపడుచు వచ్చి ఆవిడని రావులపాలెం తీసుకెళ్ళింది. అరటి గెలల మార్కెట్టుకి దగ్గర్లోనే వాళ్ళ ఇల్లు, వాళ్ళ అరటితోటలో సాళ్ళ మధ్య వేసేదంతా కందే. కంద గుట్టల మధ్య కూర్చుని కంద తినకుండా నెల్లాళ్ళు ఎలా ఉంటారో అనుకున్నాను. మావారు చెల్లెలికి ఫోన్ చేసి జైలు నిబంధనలన్నీ అప్పజెప్పారు. వెళ్తూ వెళ్తూ అత్తగారు నాకు కుండీ అప్పజెప్పారు.

"స్నానం చేసి ముట్టుకో. నీళ్ళు పోస్తే చాలదు, తలలు తుంచాలి. మర్చిపోకే!"

నీళ్ళు పోశాను. తలలు తుంచడం మర్చిపోయాను. పరీక్ష పేపర్లు దిద్దడంతో, పొద్దున్నే కార్తీక దీపాలతో తీరిక లేక, కుండీలో చెంబెడు నీళ్ళు కుమ్మరించి పరిగెత్తేదాన్ని. కార్తీకం సగం దాటాక ఒక ఆదివారం, తీరిగ్గా తులసి కోట దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ పక్కకి చూశాను. మాచిపత్రి కుండీతో కలిపి నా నడుమంత ఎత్తు పెరిగింది. కొమ్మ కొమ్మకీ పూసింది. బియ్యం నూక చల్లినట్టు తెల్లటి చిన్న చిన్న పూలు.

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ప్రపంచ పటం మీద ఏళ్ళ తరబడి పిల్లల చేత నేను ఎర్ర రంగు పూయించిన వయ్యారిభామ, మెక్సికో అఖాతం నుంచి బయల్దేరి, సముద్రాలు దాటి, రైలు కట్ట దిగి, మా ఇంట్లో తులసమ్మ పక్కన మడి కట్టుకుని కూర్చుంది! రోజూ నీళ్ళూ, నమస్కారమూ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, బయాలజీ టీచరు ఎంత? ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. అంతలోనే ఆవిడ చేతులు గుర్తొచ్చాయి. వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద. సరిగ్గా తలలు తుంచే చోట. నవ్వు ఆగిపోయింది.

వెంటనే రావులపాలెం ఫోన్ చేసి, చేతులు ఎలా ఉన్నాయని ఆడపడుచుని అడిగాను. "నున్నగా అయిపోయాయి వదినా! ఇక్కడి నీళ్ళు పడ్డాయి" అంది సంబరంగా. మావారేమో, పథ్యం పనిచేసిందన్నారు. నాకు నిజం తెలిసిపోయింది. కంద నిర్దోషి.

అయినా ఒక్క ముడి మాత్రం విడలేదు. లేత ఆకు చూసి ఎవరైనా పొరబడొచ్చు, రెండూ అన్నదమ్ముల బిడ్డల్లా ఉంటాయి. కట్ట మీద పక్కనే తెల్లగా పూసి నిలబడ్డవి వేరే జాతి అనుకుని ఉండొచ్చు కూడా. కానీ మాచిపత్రికి ఆకు కాదు గుర్తు, వాసన. వీధి అరుగు మీంచి ఇంగువ తూకం చెప్పిన మనిషి, రోజూ ఆ చిగుళ్ళు గోటితో గిల్లుతూ, అందులో ఆ కమ్మదనం లేదని కనిపెట్టలేకపోయారా?

కార్తీకం వెళ్ళిపోయాక ఆవిడ వచ్చారు. రాగానే బాల్కనీలోకి నడిచారు. అప్పటికే నేను చేతులకి పాలిథిన్ సంచులు తొడుక్కుని ఆ భామని వేళ్ళతో పెకిలించి గింజ రాలకుండా వదిలించేశాను, మట్టి కూడా మార్చేశాను. సాక్ష్యానికి ఒక్క రెమ్మ మాత్రం కవర్లో దాచాను.

"ఏదే నా మాచిపత్రి?"

జరిగింది చెప్పాను. ఆవిడ నమ్మలేదు. "నాకు మాచిపత్రి నేర్పుతావుటే?" అన్నారు. కోపం రాలేదు, నవ్వు వచ్చిందావిడకి. నేను కవరు మూతి విప్పి, ముట్టుకోనివ్వకుండా ముక్కు దగ్గర పెట్టాను. "పోనీ వాసన చూసి చెప్పండి అత్తయ్యగారూ."

ఆవిడ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు. "అబ్బ! ఏం వాసనే, ప్రాణం లేచొచ్చింది. మాచిపత్రి కాకపోతే ఇంకేంటి ఇది?"

ఆ కవర్లో ఉన్నది ఎండిన గడ్డి వాసన, కాస్త చేదు వాసన, అంతే. అప్పుడు ఒక్కొక్కటిగా అన్నీ గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. కొవ్వూరు వచ్చినప్పట్నుంచీ ఆవిడ తీర్పులు చెప్పడం మానేశారు. "ఇంగువ సరిపోయిందా అమ్మాయ్?" అని అడగడం మొదలుపెట్టారు. నాకు గౌరవం ఇస్తున్నారని మురిసిపోయాను. ఒకసారి స్టవ్ మీద నెయ్యి మాడి ఇల్లంతా పొగ వాసన కొడుతుంటే, వంటింటి గుమ్మంలోనే కూర్చుని పువ్వొత్తులు చేసుకుంటున్నారు. ధ్యాస తప్పారనుకున్నాను.

"అత్తయ్యగారూ, మీకు వాసన తెలియట్లేదు కదూ?"

ఆవిడ తులసి కోట వంక తిరిగారు. "ఆ జ్వరంతో పోయిందే. వస్తుంది, వస్తుంది అనుకున్నాను. రాలేదు. వాడితో అనకు. నన్ను ముక్కు పట్టుకుని హైదరాబాదు దాకా తిప్పుతాడు." మెల్లిగా అన్నారు. "అయితే ఇన్నేళ్ళూ దేవుడికి కలుపు మొక్క పెట్టానన్నమాట. వీధి వీధందరి చేతా పెట్టించానన్నమాట."

ఆవిడ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఆవిడ ఇంకా బాధపడతారని, తోచిన మాటేదో అనేశాను. "జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, గరిక, అన్నీ రోడ్డు పక్కవే కదండీ. పిచ్చిమొక్కలతో పూజ చేయించుకునే దేవుడు ఆయనొక్కడే. కడుపు నొప్పని ఆయన ఎప్పుడైనా అన్నాడా? ఇన్నేళ్ళూ ఇరవై ఒకటో, ఇరవై రెండో లెక్క ఎవరు చూశారు!"

ఆవిడ నా మొహం వంక చూసి కిసుక్కుమన్నారు. "ఏనుగు మొహం కదే. గడ్డి పెడితే వద్దంటాడా?" ఇద్దరం అక్కడే చతికిలబడి నవ్వుకున్నాం.

ఆ ఆదివారమే వంతెన దాటి కడియం వెళ్ళాం. నర్సరీలో రకరకాల మొక్కల మధ్య అసలైన మాచిపత్రి దొరికింది. ఆకు నలిపి నేను వాసన చూశాను. "కమ్మగా ఉందండీ, కొంచెం మరువంలా, కొంచెం కర్పూరంలా" అని చెప్పాను. "నీ ముక్కు నమ్మొచ్చుటే?" అన్నారు. అప్పట్నుంచీ ఆ కుండీకి హద్దు ఎత్తేశారు. రోజూ స్నానం చేసి నేను వాసన చూసి చెప్పాలి, ఆవిడ తుంచాలి.

ఇక మిగిలింది మావారు. మొక్క సంగతి విని ఆయన తెల్లబోయారు గానీ, కందని మటుకు విడుదల చెయ్యలేదు. డాక్టరు గారిని అడిగి చెబుతానన్నారు. ఆ డాక్టరు గారు, ఇంకొన్నాళ్ళు చూసి, దురద మళ్ళీ రాకపోతే నిరభ్యంతరంగా తినమనండి అన్నారు. సంక్రాంతి వెళ్ళేదాకా ఆగాం. చేతులు నున్నగానే ఉన్నాయి. రావులపాలెం నుంచి ఆడపడుచు గోనెసంచిలో కంద పంపింది. అప్పుడు కూడా మావారు సగమే దిగొచ్చారు.

"కంద సరే, చేసుకోండి. ఆవ మాత్రం వద్దు. వేడి చేస్తుంది. ఒకేసారి రెండూ ఎందుకు?"

"ఆవ లేకపోతే కంద నాకెందుకురా?" అన్నారు అత్తగారు.

"కూరలో ఆవ లేకపోతే ఏమవుతుందమ్మా?"

ఆవిడ నా వంక చూశారు, కొడుకు వంక చూశారు. ఇక దాచి లాభం లేదనుకున్నారు కాబోలు. "నాకు వాసనలు తెలియట్లేదురా. ఆ జ్వరమప్పట్నుంచీ. మల్లెపూలు తెలియవు, కాఫీ తెలియదు, అగరొత్తి తెలియదు. ఏం తిన్నా గడ్డి తిన్నట్టే ఉంటుంది. ఒక్క ఆవ ఘాటు మాత్రం ముక్కుకి తగులుతుంది. అది తగిలినప్పుడు ముక్కు ఇంకా ఉందనిపిస్తుంది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు నీ పెళ్ళాం చేసిన కందలో తెలిసింది నాకది. తరవాత మీరు అదీ మాన్పించేశారు."

ఘాటు అనేది వాసన దారిలో రాదు, మంట దారిలో వస్తుంది, అందుకే ఆవిడకి తెలిసింది. ఆ రెండు దారుల బొమ్మా నేను బోర్డు మీద గీసి పిల్లలకి చెప్పగలను. కానీ అప్పుడు ఆ మాట ఎందుకు? పెళ్ళి విస్తట్లో గరిట వెంట వెళ్ళిన ఆవిడ కళ్ళు నాకు అప్పటికి అర్థమయ్యాయి.

మావారు లేచారు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు. కాసేపటికి ఆవాల పొట్లంతో తిరిగొచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. ఇంట్లో డబ్బా నిండా ఆవాలున్నాయి. అయినా ఆ పొట్లమే విప్పాను.

కంద తిన్నాక ఆవిడ చేతులకి ఏమీ కాలేదని ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆ రోజు చేతులు దురద పెట్టింది నాకే. చేతులకి నూనె రాసుకోవడం మర్చిపోయి చెక్కు తీశాను. కత్తిపీటకి దురద ఎందుకో ఆ రోజు తెలిసింది. కూర దింపి, పచ్చి ఆవాలు, ఎండుమిరపకాయ, ఉప్పు కలిపి ముద్ద నూరి, ఆవిరి తగ్గాక కలిపాను. మూత పెట్టాను.

ముగ్గురం కింద కూర్చున్నాం. మూత తీసేసరికే మావారు దగ్గారు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ముక్కుపుటాలు అదిరాయి. మావారు అన్నం కలపడం మానేసి తల్లి మొహమే చూస్తున్నారు. సరిపోయిందా అని ఆవిడ నన్ను అడుగుతారని నేను ఎదురు చూస్తున్నాను. ఇన్నేళ్ళుగా అలవాటైన ప్రశ్న అది.

ఆవిడ కళ్ళు తెరిచారు. నావైపు తిరిగి, వెనకటి గొంతుతో అన్నారు.

"ఆవ చాల్లేదమ్మాయ్."

నా వంటకి వంక పెట్టినందుకు అంత సంతోషపడ్డ కోడలు గోదారికి ఈ గట్టునా ఆ గట్టునా ఎక్కడా ఉండదు. లేచి వెళ్ళి రోట్లో మిగిలిన ముద్దంతా ఊడ్చి తెచ్చి ఆవిడ కంచంలో వేశాను.